గండి దాటే ముందు

పువ్వు అడగడం తప్పని నేనెప్పుడన్నానే? అడగండి. రేపు గండి పోచమ్మ దగ్గరికెళ్లి, అమ్మ కుడిభుజం మీద ఓ పువ్వూ ఎడమభుజం మీద ఓ పువ్వూ పెట్టించి, పిల్లని హైదరాబాదు ఆసుపత్రి ఉద్యోగానికి పంపాలా వద్దా అని అడుగుతానంది మీ అమ్మ. అడగనీ. మా అమ్మ అడిగింది, వాళ్లమ్మ అడిగింది, నేనూ అడిగినవాణ్ణే. కాని పువ్వు పడ్డాక నమ్మాలా తాతా అని నువ్వు నన్నడిగావు చూడు, దానికి అవుననో కాదనో ఒక్క ముక్క చెప్పేసి వెళ్లి పడుకోలేను. ఒరే చిన్నోడా, ఆ తుమ్మమొద్దు కాస్త లోపలికి నెట్టు, పొగంతా ఇటే వస్తోంది.

పువ్వు సంగతి నాకు బాగా తెలుసమ్మడూ. అభిషేకం అయిన వెంటనే తడిరాయి మీద పెట్టిన పువ్వు చప్పున జారుతుంది. పొడిరాయి మీద పెడితే చామంతి గంటసేపు కదలకుండా కూర్చుంటుంది. తొడిమ బరువున్న మందారం ముందే పడుతుంది. పూజారికి ఇవన్నీ తెలుసు. మంచి పూజారి తెలిసి కూడా చెయ్యి అటూ ఇటూ పోనివ్వడు, పువ్వు పెట్టేసి పక్కకి తప్పుకుంటాడు. కిటుకంతా అడిగేవాళ్ల దగ్గరే ఉంది. కుడిది పడితే అవునని, ఎడమది పడితే కాదని కదా లెక్క. ఎడమపువ్వు పడితే "గాలి వీచిందండీ, మళ్లీ పెట్టండి" అంటారు. మళ్లీ ఎడమే పడితే "నేను సరిగా అడగలేదు కాబోలు" అంటారు. కుడిపువ్వు పడేదాకా అడిగి, పడగానే "అమ్మ చెప్పింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. అమ్మెక్కడ చెప్పిందీ? మీరు చెప్పించారు.

మా అమ్మ అలా కాదు. గుడికి బయలుదేరే ముందు అరుగు మీద ఒక్కతే కూర్చునేది. ఏ పువ్వు పడినా ఒప్పుకోగలనా అని ముందు తనని తనే అడుక్కునేది. ఒప్పుకోలేనని తేలితే ఇక గుడికి వెళ్లేదే కాదు. మా చెల్లికి ఓ సంబంధం వచ్చినప్పుడు అంతా పువ్వు అడుగుదామంటే, "ఆ కుర్రాడికి పిల్లనివ్వడం నాకిష్టం లేదు. అమ్మ ఇమ్మన్నా ఇవ్వను. అలాంటప్పుడు వెళ్లి ఆవిణ్ణి ఇరకాటంలో పెట్టడం దేనికి" అని తేల్చేసింది. మా నాన్న పడీ పడీ నవ్వాడు. నాకు మాత్రం లాంచీ ఎక్కిన తర్వాత గాని ఆ మాట విలువ తెలియలేదు.

మీరు పుట్టేసరికి లాంచీలంటే పాపికొండలు చూడ్డానికొచ్చే టూరిస్టులవి. మా రోజుల్లో లాంచీయే బస్సు, లాంచీయే తపాలా, లాంచీయే అంబులెన్సు. రాజమండ్రిలో ఎక్కితే పోలవరం, దేవీపట్నం, కొండమొదలు, పేరంటాలపల్లి, శ్రీరామగిరి, కూనవరం మీదుగా భద్రాచలం. కింద నుంచి ఉప్పు, కిరసనాయిలు, బడిపంతుళ్లు, పెళ్లివాళ్లు పైకెళ్లేవాళ్లు. పై నుంచి చింతపండు, వెదురు, మేకలు, జ్వరంతో మూలిగే మనుషులు కిందికొచ్చేవాళ్లు. నేను మూతి మీద మీసం రాకముందే కళాసీగా చేరాను. తాడు విసరడం, అడుగున చేరిన నీళ్లు తోడడం, ముందు కొసన నిలబడి వెదురుగెడతో లోతు చూసి "రెండు బారలు, బారన్నర" అని కేకెయ్యడం నా పని. ఆ కేక విని చుక్కాని తిప్పేవాడు సరంగు. ఆయన గంట కొట్టిన తీరుని బట్టి కింద ఇంజను దగ్గరున్న డ్రైవరు జోరు పెంచడం, తగ్గించడం. ఎండాకాలంలో ఇసుకమేట నిన్న ఉన్నచోట ఇవాళ ఉండదు. వానాకాలంలో అసలు కనపడదు. గోదారి మీద దారి అని ఒకటి గీసి ఉండదర్రా. ఏ రోజు దారి ఆ రోజు వెతుక్కోవలసిందే.

మా పెద్ద సరంగు సాయిబు గారు. పెద్ద గడ్డం, చిన్న మనిషి, మాట పిసినారి. ఆయన దగ్గరే నేను పని నేర్చుకున్నాను. పైకెళ్తూ గండి దగ్గరికొచ్చేసరికి, అంత వెడల్పున పారే గోదారి రెండు కొండల మధ్యకి సన్నగా దూరుతుంది. అక్కడ సాయిబు గారు ఇంజను జోరు తగ్గించేసేవాడు. మా చేత అమ్మకి కాయ కొట్టించి, పసుపూ కుంకుమా నీళ్లలో వేయించేవాడు. ఆయన మాత్రం చుక్కాని పట్టుకునే తల వంచి పెదాల మధ్య ఏదో అనుకునేవాడు. ఆ కాసేపూ ఆయన కళ్లు నీళ్లమీదే. నురుగు ఎలా తేలుతోంది, కట్టెలు ఏ వాలున కొట్టుకొస్తున్నాయి, నీటి రంగేమిటి, అన్నీ అక్కడే చూసుకునేవాడు. పట్నం నుంచి వచ్చిన ఓ పంతులు ఒకసారి నవ్వుతూ, "ఇది భక్తా సాయిబూ, పరీక్షా?" అనడిగాడు. "లోపలికెళ్లే ముందు ఆగడం బాబూ" అన్నాడాయన. ఆగడానికి అమ్మ కారణమో, అమ్మ దగ్గర ఆగితే నీళ్లు కనిపించడం కారణమో నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చుకోవాలని కూడా లేదు.

ఒక శ్రావణమాసం. గోదారి ఎర్రగా ఉంది గాని మరీ మీదికి లేదు. పెళ్లివారు పై ఊరికి వెళ్లాలి, మర్నాటి తెల్లవారుజామున ముహూర్తం. మగపెళ్లివారు కొత్త పంచెలతో, సన్నాయి మేళంతో రేవులోకి దిగారు. అందరూ ఎక్కేశారు. సాయిబు గారు చుక్కాని దగ్గరికెళ్లి, చెయ్యి దాని మీద వేసి, కాసేపు నిలబడి కిందికి దిగిపోయాడు. "ఇవాళ కదలదు" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఇంజను బాగుంది. వాన లేదు. "మనసు ఒప్పట్లేదు" అన్నాడంతే. పెళ్లికొడుకు తండ్రి బతిమాలాడు, తర్వాత తిట్టాడు, తర్వాత తలపాగా తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టబోయాడు. సాయిబు గారు వెనక్కి జరిగాడు గాని లాంచీ ఎక్కలేదు. గుమాస్తా ఎగిరాడు, జీతం కోస్తానన్నాడు. చివరికి వెనకొచ్చిన ఇంకో లాంచీ వాళ్లు ఎక్కువ డబ్బు పుచ్చుకుని పెళ్లివారిని ఎక్కించుకుపోయారు.

ఇప్పుడు ఆ లాంచీ మునిగిందనే కదా మీరంతా అనుకుంటున్నది? మునగలేదు. చక్కగా వెళ్లింది. ముహూర్తానికి అరపూట ముందే చేరారు, పెళ్లి బ్రహ్మాండంగా అయింది. తిరుగుదారిలో మా రేవులో ఆగి, మాకు బూందీ లడ్డూలు పంచిపెట్టి, "సాయిబు గారూ, మీ మనసు ఒప్పిందా ఇప్పుడైనా" అని వెటకారం చేసి మరీ వెళ్లారు. గుమాస్తా అన్నంత పనీ చేసి ఆ నెల జీతం కోశాడు. ఊళ్లో పిల్లలు కూడా "మనసు ఒప్పట్లేదు" అని ఆయన గొంతు పెట్టి ఆడుకునేవాళ్లు.

నాకు మహా ఉక్రోషం. రాత్రి ఇసుకలో వంట చేసుకుంటున్నప్పుడు అడిగేశాను. "పైవాడు చెప్పాడని ఆగారు. మరి ఏమీ కాలేదుగా. పైవాడు తప్పు చెప్పాడా?" చేప ముల్లు తీసుకుంటూ తీరిగ్గా చెప్పాడు. "నన్ను ఆగమన్నాడు, ఆగాను. ఆ లాంచీకి ఏం చెప్పాడో నాకేం తెలుసురా?" అంతే. మళ్లీ ముద్ద కలుపుకున్నాడు.

ఆ మాట నాకు ఎంత కాలానికో గాని లోపలికి దిగలేదు. మనమంతా ఏం చేస్తాం? దేవుడు ఒక మాట చెప్పాడనుకుంటే, ఆ మాట నిజమని మళ్లీ దేవుడే వచ్చి రుజువు చూపించాలంటాం. లాంచీ మునిగితే "చూశారా, నాకు ముందే తెలిసింది" అని రొమ్ము విరుచుకుంటాం. అవతలవాళ్లు మునగాలని లోపలెక్కడో కోరుకుంటాం కూడా, మన భక్తి నెగ్గడం కోసం. సాయిబు గారికి ఆ అవసరం లేదు. అవతల లాంచీ క్షేమంగా వెళ్లిందని కబురొచ్చిన రోజు ఆయన మొహంలో నిఖార్సైన సంతోషం చూశాను.

వాళ్ల మతంలో ఒక నమాజు ఉందట, ఇస్తిఖారా అంటారు. ఏదైనా పని తలపెట్టినప్పుడు, ఇది నాకు మంచిదైతే జరిపించు, కాకపోతే నన్ను దీని నుంచి, దీన్ని నా నుంచి దూరం చెయ్యి అని అడుక్కోవడం. కల రావాలనీ, దీపం ఆరాలనీ ఏమీ లేదు. అడుక్కుని, ఆ తర్వాత మనసు ఎటు మొగ్గితే అటు నడవడమేనని చెప్పాడు. "మరి భయమేసినా మనసు మొగ్గదుగా? భయానికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?" అనడిగాను. "భయం వాగుతుంది. అలా అవుతుంది, ఇలా అవుతుంది అని వంద చెబుతుంది. ఇది ఒక్కమాట చెప్పి ఊరుకుంటుంది" అన్నాడు. ఇంకోటి కూడా అన్నాడు. తనకి లాభమున్న మాట వినిపిస్తే ఆ రోజు తను నమ్మడట, మళ్లీ అడుక్కుంటాడట. నష్టమున్న మాట వినిపిస్తే మాత్రం ఒక్కసారికే వింటాడట.

శకునాల గురించి అడుగుతున్నావా? వాటి జోలికి ఆయన వెళ్లేవాడు కాదు. మా ఓనరు బావమరిది ఒకడుండేవాడు, నశ్యం పీల్చే అలవాటు. సరిగ్గా లాంచీ తాడు విప్పేవేళకి డబ్బీ తీసేవాడు. వాడు తుమ్మడం, ముసలమ్మలు "ఆగండి ఆగండి" అని కేకలెయ్యడం, మేము మళ్లీ తాడు కట్టడం. కొన్నాళ్లకి సాయిబు గారు ఆ డబ్బీ లాక్కుని గోదాట్లోకి గిరాటేశాడు. ఆయన కోపం నేను చూసింది అప్పుడే.

ఇలా చెబితే ఆయన ఎప్పుడూ ఆగేవాడే అనుకుంటారేమో. కాదు. ఒక రాత్రి సంగతి చెప్తాను వినండి. కొండమొదలు పైన ఎక్కడో ఇసుకలో లాంచీ కట్టేసి పడుకున్నాం. రాత్రిపూట కొండల మధ్య లాంచీ నడపకూడదు, అది అందరికీ తెలిసిన కట్టుబాటే. అర్ధరాత్రి కొండరెడ్లు నలుగురు మంచం మోసుకుని దిగారు. మంచం మీద పురిటి నొప్పులు పడుతున్న పిల్ల. రెండు రోజులైందట, బిడ్డ అడ్డం తిరిగింది. పడవలో వేసుకెళ్తే మరీ ఆలస్యమైపోతుంది. కాగడా వెలుగులో ఆ పిల్ల మొహం చూశాను, పదహారు పదిహేడేళ్లు ఉంటాయేమో. సాయిబు గారు లేచాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇసుకలోనే తుండుగుడ్డ పరిచి నమాజు చేశాడు. మాకు ప్రాణాలు పైపైనే పోతున్నాయి, ఈ టైములో నమాజేంటి అని. లేచి, "ఇంజను వెయ్యండి" అన్నాడు.

ఆ రాత్రి నేను ముందు కొసన గెడతో నిలబడ్డాను. చంద్రుడు కొండ వెనక్కి పోయాడు. నీళ్లూ కొండా ఆకాశమూ అంతా ఒకటే నలుపు. గెడ వేస్తే అందేది కాదు, అందితే రాయి తగిలి జిల్లుమనేది. "అందలేదు, అందలేదు, బారన్నర, అందలేదు" అని అరిచి అరిచి గొంతు పోయింది. వెనక నుంచి ఆ పిల్ల మూలుగు. కచ్చులూరు దగ్గర సుడి చప్పుడు చెవికి తగులుతోంది గాని ఎక్కడుందో కంటికి ఆనదు. సాయిబు గారు ఇంజను దాదాపు ఆపించేసి, లాంచీని ఏటివాలుకి వదిలి, చుక్కాని మాత్రం పట్టుకుని నిలబడ్డాడు. ఎడమకి తిప్పాడు. నాకైతే కుడికి తిప్పాలనిపించింది. ఎడమే సరైంది. అదెలా తెలిసిందని తర్వాత అడిగితే, "తెలియలేదు. తిరిగింది" అన్నాడు.

తెల్లారేసరికి పోలవరం ఆసుపత్రికి చేర్చాం. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ కొండరెడ్డి పెద్దాయన మర్నాడు లాంచీ దగ్గరికొచ్చి సాయిబు గారి చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏమీ మాట్లాడుకోలేదు ఇద్దరూ. ఆ తర్వాత ఏటేటా మామిడి కొత్తల పండగ అయ్యాక బుట్టెడు పళ్లు వచ్చేవి మాకు. వాళ్లు పండగ చేసి దేవతకి పెట్టకముందు ఆ యేటి మామిడికాయ ముట్టరు కదా. దేవత తిన్నాక మొదటి బుట్ట మాదే. దేవుడు దారి చూపించాడా, సగమే చూపించాడా అని నేను చాలా రాత్రులు తన్నుకున్నాను. సాయిబు గారు తన్నుకున్నట్టు కనపడలేదు. మరో నెలకో ఎప్పుడో, ఇంకో ఊరి నుంచి పాము కరిచినవాణ్ణి తెస్తే, ఆ రాత్రి కూడా నమాజు చేసి "ఇవాళ వద్దు, తెల్లారి వెళ్దాం" అన్నాడు. వాడు బతికి బట్టకట్టాడు. దానికీ పొంగిపోలేదు.

శ్రీరామనవమి కల్యాణానికి భద్రాచలం వెళ్లే జనంతో లాంచీ కిటకిటలాడేది. ఒకటే రామదాసు కథ, పోకల దమ్మక్క కథ. దమ్మక్కకి రాముడు కలలో కనిపించి ఫలానా పుట్టలో ఉన్నానన్నాడు, ఆవిడ పుట్ట కరిగించి విగ్రహాలు తీసింది అనేంతవరకు అందరూ చెబుతారు. నాకు ఆ తర్వాతిదే ఇష్టం. కలగన్నావిడ గుడి కట్టించండని ఎవరి వెంటా పడలేదు. తనే ఆకుల పందిరి వేసింది. అడవిలో రాలిన తాటిపండు తెచ్చి పెట్టింది. తనకి చేతనైనంత చేసుకుంటూ పోయింది. కల పెద్దది, చేసిన పని రోజువారీది.

రామదాసు, అదే మన గోపన్న, ఆయన సంగతి చూడండి మరి. తానీషా కొలువులో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. గుడి కట్టమని రాముడే చెప్పాడనుకున్నాడు. సర్కారు సొమ్ము పెట్టి కట్టాడు. గోల్కొండ జైల్లో పన్నెండేళ్లు పడ్డాడంటారు. రామలక్ష్మణులు మారువేషంలో వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి విడిపించారని చెప్పినప్పుడు లాంచీలో జనమంతా దండాలు పెట్టేవాళ్లు. నాకు మాత్రం ఆ పన్నెండేళ్ల మీదే మనసు పోయేది. మొదటి ఏడు అనుకున్నాడేమో, ఇవాళో రేపో వస్తాడని. అయిదో ఏడు ఏమనుకున్నాడో? నాకు వినిపించింది రాముడి మాటేనా, నా పేరాశా అని ఒక్క రాత్రయినా అనుకోకుండా ఉంటాడా? ఆ పాటల్లో రాముణ్ణి అంతలేసి మాటలు ఊరికే అన్నాడా? గెలిచిన కథలు చెప్పుకునేటప్పుడు మనం మధ్యలో ఉన్న ఏళ్లన్నీ మింగేస్తాం.

పేరంటాలపల్లిలో శివాలయం చూశారుగా, కొండవాగు పక్కన. 1920ల్లో బాలానంద స్వామి అనే ఆయన గోదారి మీద పైకి వెళ్తూ, ఆ రేవులో రాత్రి ఆగాడట. ఇక్కడే ఉండిపోవాలని తోచిందట, ఉండిపోయాడు. కొండరెడ్లకి మందూ మాకూ, చదువూ చూశాడు. కథ ఇంతే. కాని ఆ రోజుల్లో మన్యం జ్వరమంటే ఏమిటో మీకు తెలియదు. కింద నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్లు సెలవు పెట్టి పారిపోయేవాళ్లు. అలాంటిచోట ఉండమన్న మాట ఎవరికైనా తన లోపలి నుంచి తనకి పుట్టే సుఖమైన మాటేనా? సాయిబు గారి లెక్క ప్రకారం అది ఒక్కసారికే వినదగ్గ మాట.

ఇప్పుడు 86 వరద చెప్పాలి. మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల. సాయిబు గారు అప్పటికి లేరు, నేనే చుక్కాని పడుతున్నాను. మా ఊళ్లో రామాలయం స్తంభం మీద 1953 వరద గుర్తు ఉండేది, సున్నంతో గీత గీసి. అంతకుమించి గోదారమ్మ రాదు, అది అమ్మ తనకి తాను గీసుకున్న గీత అనేవాళ్లు. నేనూ అనేవాణ్ణే. ఆగస్టులో వానలు పట్టుకున్నాయి. రేడియోలో భద్రాచలం నీటిమట్టం పూటపూటా చెబుతున్నారు. అక్కడ 53 అడుగులంటే మూడో ప్రమాద హెచ్చరిక. అది ఎప్పుడో దాటేసింది. ఊరంతా గుడి దగ్గర చేరి గణాచారిని అడిగారు. పాపం ఆవిడకి పూనకం వచ్చింది. "నా గీత నేను దాటనురా" అంది. జనం గుండెల మీద చేతులేసుకుని ఇళ్లకెళ్లారు.

రేవులో ఇడ్లీలమ్ముకునే ఆవిడ ఒకర్తి ఉండేది. ఆవిడ ఒక్కర్తే ఇంటికెళ్లలేదు. పొద్దుటి నుంచి నీళ్లకేసి చూస్తోంది. పచ్చాకుతో సహా చెట్లు కొట్టుకొస్తున్నాయి, కట్టుతాడుతోనే గేదెలు కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో ఊళ్లకి ఊళ్లే లేచిపోతే గాని అలా రావు. ఆవిడ పిండిగిన్నె నెత్తిన పెట్టుకుని, మేకపిల్లని చంకన పెట్టుకుని కొండెక్కడం మొదలెట్టింది. "నీకు అమ్మ చెప్పిందేమిటే?" అని ఎవరో ఎకసెక్కమాడారు. "నాకేం చెప్పలేదు బాబూ. నా కాళ్లు నిలబడట్లేదు" అంది. నేను ఆవిడ మొహం చూశాను. గండి దగ్గర చుక్కాని పట్టుకున్న సాయిబు గారి మొహం గుర్తొచ్చింది. ఇంటికి పరిగెత్తి మీ అమ్మమ్మతో మూటలు కట్టించాను. మా వీధిలో చాలామంది మమ్మల్ని చూసి లేచారు, కొందరు లేవలేదు. ఆ రాత్రి నీళ్లు గీత దాటాయి. లేవనివాళ్లని మేమే పడవలేసుకుని ఇంటికప్పుల మీంచి దించుకొచ్చాం. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చింది. ఇప్పటికీ అదే లెక్కల్లో అన్నిటికంటే పెద్దది. మొన్న 2022 జూలైలో 71 అడుగులు దాటితేనే మీరంతా ఎలా హడలిపోయారో గుర్తుంది కదా.

గణాచారిని తర్వాత ఊరు చాలా మాటలంది. నేను అనలేదు. ఆవిడ నోట వచ్చింది ఆవిడ మాట కాదు, అమ్మ మాటా కాదు, మా అందరి మాట. ఇల్లు విడిచి వెళ్లకూడదని ప్రతివాడికీ ఉంది, అది ఆవిడ నోట పలికింది. ఊరంతా ఒకే జవాబు కావాలని కూర్చుంటే మధ్యలో నిలబడ్డ మనిషి ఇంకేం చెబుతుంది?

2019 సెప్టెంబరు 15 తర్వాత పేపరువాళ్లు ఇద్దరు వచ్చారు నా దగ్గరికి. కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిందిగా. పాత సరంగు కదా అని అడిగారు. బతికినవాళ్లని దేవుడే కాపాడాడంటున్నారు, మీరేమంటారు అని. నాకు చిర్రెత్తుకొచ్చింది. పోయినవాళ్లకి దేవుడు లేడా? వాళ్లూ గండి పోచమ్మకి దణ్ణం పెట్టుకునే లోపలికెళ్లి ఉంటారు. నాకు తెలిసిందల్లా ఒకటే. బోటు ఒరగడం చూసి ఒడ్డునున్న గిరిజనులు నాటుపడవలు నీళ్లలోకి తోశారు. చేతికందినవాళ్లని లాగారు. వాళ్లకి మనసు ఒప్పిందా లేదా అని ఆలోచించే తీరిక కూడా లేదు. అది రాయండి అన్నాను. రాశారో లేదో, నేను పేపరు చూడలేదు.

సరే, చలి ఎక్కువవుతోంది, నీ సంగతికొద్దాం. ఆ ఉద్యోగం గురించి మొదటిసారి విన్నప్పుడు నీకేమనిపించిందో నేనడగను, అది నీ దగ్గరే ఉంచుకో. రేపు గుళ్లో అడిగేది మాత్రం నువ్వే అడుగు. మీ అమ్మని అడగనిస్తే "పిల్ల నా కళ్లముందే ఉంటే మంచిదేగా తల్లీ" అంటుంది, అప్పుడు పాపం పువ్వు మాత్రం ఏం చేస్తుంది. ఒక్కసారే అడుగు. పూజారికి చెప్పి రాయి పొడిగుడ్డతో తుడిపించు. ఎడమ పడితే ఏం చేస్తావో ఇవాళ రాత్రే ఆలోచించుకో, గుళ్లో నిలబడి కాదు. మీ అమ్మని కూడా కూర్చోబెట్టి అదే అడుగుతాను, కుడి పడితే పంపగలవా అని. పంపలేనంటే రేపు ప్రయాణమే వద్దు, ఇంట్లోనే పోట్లాడుకోండి, అది నయం.

వెళ్లడమంటూ జరిగితే తెల్లారకుండా బయలుదేరాలి. పోలవరం ప్రాజెక్టు నీళ్లు దిగి గుడి బయటపడింది గాని మెట్లమీద ఒండ్రు ఇంకా ఉందట, మీ అమ్మ మోకాళ్లు జాగ్రత్త. చేరమన్న తారీఖు పండగ వెళ్లిన వారంలోనే అన్నావు కదూ? అయితే రైలు టికెట్టు ఇప్పుడే తీసెయ్యి, తిరుగు పండగ రైళ్లలో నిలబడడానికి కూడా చోటుండదు. వద్దనుకుంటే రద్దు చేసుకుంటావు, కాస్త డబ్బు పోతుంది, పోనీ. కొబ్బరికాయ మాత్రం ఇక్కడి కొట్లోనే కొను. గుడి దగ్గర వాళ్లు చెప్పే రేటుకి ఇక్కడ రెండు కాయలొస్తాయి.